పడవ బరువు, తెర అంచు

విలాసిని చేచ్చి ముఖం కంటే ఆమె వీపే నాకు బాగా తెలుసు. ఎన్నో ఓణం పండగలుగా పందెం పడవలో ఆమె వెనక పలక మీద కూర్చుంటున్నాను. తెడ్డు ముంచే ముందు ఆమె కుడి భుజం ఒక్క క్షణం ఆగుతుంది, నీటిలో చేపను చూసిన కొంగ ఆగినట్టు. ఆ ఆగడం చూసుకునే నేను తెడ్డు వేస్తాను. నన్ను చూసి నా వెనకామె వేస్తుంది. అలా ఒక ముసలి భుజంలోంచి బయల్దేరిన చిన్న నిశ్శబ్దం పడవ తోక దాకా పాకుతుంది. అప్పుడు నీళ్ళన్నీ ఒకేసారి చిట్లుతాయి.

ఊళ్ళో అందరికీ ఆమె చేచ్చి. అంటే అక్క. ఆమె కంటే పెద్దవాళ్ళకు కూడా అక్కే. పొలం గట్టు మీద పుట్టింది. వాళ్ళమ్మ కోతకు వచ్చి, కొడవలి పక్కన పెట్టి, కని, సాయంత్రం పడవలో ఇంటికి తీసుకెళ్ళిందట. మా దగ్గర నీరు పైన ఉంటుంది, వరి కింద ఉంటుంది, మధ్యలో గట్టు. ఆ గట్టు మీద పుట్టినదానివి కాబట్టే నీకు రెండువైపులా ఒకేలా చూడటం వచ్చింది అని మాతోపాటు తెడ్డు వేసే రోసమ్మ ఎప్పుడూ అంటుంది. అందుకే ధాన్యం తూచే పని చేచ్చికిచ్చారు.

కోతలయ్యాక గట్టు మీద కాటా పెడతారు. మిల్లు మనిషి బస్తాలోకి చెయ్యి దూర్చి, నాలుగు గింజలు తీసి కొరికి, తడిగా ఉంది అంటాడు. ఏటా అదే మాట, ఎండ మండిపోతున్నా అదే మాట. తడికి తరుగు తియ్యాలి. ఒకప్పుడు మిల్లువాళ్ళు నోటికొచ్చినంత తరుగు అడిగేవారు. రైతులు గొడవపడి, వారం రోజులు ధాన్యం కదలనివ్వకుండా కూర్చుని, తడి బస్తాకు మూడు కిలోలు అని ఒప్పందం చేసుకున్నారు. ఆనాటినుంచి కాటా పక్కన నిలబడేది విలాసిని చేచ్చి. బస్తా ఎక్కుతుంది, ముల్లు ఊగుతుంది, ముల్లు ఆగకముందే ఆమె మూడు తీసేసి అంకె చెబుతుంది. మిల్లు మనిషి నాలుగు అంటే అతని వైపు చూస్తుంది, అంతే. ఆ చూపుకు అతను మళ్ళీ నాలుగు అనడు. మూడు అనేది ఆమె లెక్క కాదు, ఆమె నాలుకకు అంటుకున్న రుచి.

ఇక పడవ. మా ఊరి ఆడవాళ్ళకు ఒక పాత పడవ ఉండేది. వెడల్పుగా, ఓపికగా, కన్నతల్లి ఒడిలా ఉండేది. అందులో ఎవరు ఎక్కడ కూర్చున్నా తేడా పడేది కాదు. ఈ ఏడు దాని అడుగు పలకలు పుచ్చిపోయాయి. అవతలి ఒడ్డు క్లబ్బు తమ దగ్గర ఊరికే పడి ఉన్న పడవను ఈ సీజనుకు ఇచ్చింది. నల్లగా, సన్నగా, పాముకు తలా తోకా చెక్కినట్టున్న పడవ. మొదటిరోజు అందులో రోసమ్మ తుమ్మితే పడవంతా తలాడించింది.

మా నాయకురాలు త్రేసియమ్మ. ముక్కు మీద కోపం, మెడలో ఈల. పడవ మధ్యలో నిలబడి పాట ఎత్తుకునేది ఆమే. చిన్నప్పుడు ఆమెకు తెడ్డు పట్టడం నేర్పింది చేచ్చి.

"ఈ పడవకు బరువు చూసుకుని కూర్చోవాలి" అంది త్రేసియమ్మ. "కుడివైపు ఎంతో ఎడమవైపూ అంతే ఉండాలి. అందరూ కాటా ఎక్కండి."

ఎవరూ కదల్లేదు.

"పడవ మునిగినా పర్లేదు, నేను ఎక్కను" అంది రోసమ్మ.

"నువ్వు ఎక్కకపోతేనే మునిగేది" అంది వెనకనుంచి ఎవరో.

"అదిగో, అందుకే నేను ఎక్కనంటున్నది."

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. అంకె చూసేది విలాసిని చేచ్చి ఒక్కతే. ఎవరి బరువు వాళ్ళకు చెవిలో చెబుతుంది, ఇంకెవరికీ చెప్పదు. కాగితం మీద పేర్లు ఉండవు, పలక ఎన్నోదో మాత్రం ఉంటుంది. త్రేసియమ్మకు కూడా చెప్పదు. చేచ్చి తన ధాన్యపు కాటా తెచ్చి వాయనశాల వరండాలో పెట్టింది. వాయనశాల అంటే మా ఊరి పుస్తకాల గది, కాలువ ఒడ్డునే.

మొదటిరోజు సాధనకు ముందు ఎడమవైపు కూర్చునేవాళ్ళు తూగారు. పదమూడు మందీ పొడి బట్టలతో, ఊపిరి బిగబట్టి ఎక్కారు. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందని మా నమ్మకం. కుడివైపువాళ్ళ వంతు వచ్చేసరికి వాన కమ్ముకుంది. మర్నాడు సాధన అయ్యాక, నీటిలోంచి నేరుగా వచ్చి, జుట్టునుంచి పాదాల దాకా కారుతూ మేం ఎక్కాం. నాదీ కుడివైపే. చేచ్చి కూడా తడిగానే ఎక్కి, తన అంకె తనే చూసుకుంది.

ఆ సాయంత్రం కుడివైపు ఆడవాళ్ళు ఎంత తేలికగా నడిచారో చెప్పలేను. ఒక్కొక్కరి చెవిలో చేచ్చి చెప్పిన అంకె ఒక చిన్న దీపంలా లోపల వెలుగుతోంది. సుభద్ర అయితే రెండు అరటిపండు బజ్జీలు అందరి ముందూ తింది, ఇంతకాలానికి తనకు హక్కొచ్చినట్టు. నేను ఇంటికెళ్ళి పాత జాకెట్టు ఒకటి తీసి తొడిగి చూసుకున్నాను. పట్టలేదు. జాకెట్టే ముడుచుకుపోయి ఉంటుందనుకున్నాను.

ఇన్ని అంకెలు కూడటం ఎలా? చేచ్చి వేళ్ళమీద కూడగలదు. కానీ ఈమెను ఇటు, ఆమెను అటు అని మార్చినప్పుడల్లా మొదటినుంచీ కూడాలి. వాయనశాల చూసే అనఘ అప్పుడే పెద్దవాళ్ళకు కంప్యూటర్ నేర్పించడం మొదలుపెట్టింది. తనే కూడి పెడతానంది. చేచ్చి ఒప్పుకోలేదు. రహస్యం రహస్యమే. నేర్పించు, నేనే చేసుకుంటాను అంది.

ఆ పాఠం ఎలా జరిగిందో అనఘ ఒకలా చెబుతుంది, చేచ్చి ఇంకోలా చెబుతుంది. రెండూ కలిపితే ఇలా ఉంటుంది.

"నేను చూడను చేచ్చీ. గోడవైపు తిరిగి కూర్చున్నాను."

"గోడమీద అద్దం ఉంది మోళే." మోళే అంటే తల్లీ, కూతురా అని పిలవడం.

"అది అద్దం కాదు, వాయనశాల కట్టించినాయన ఫోటో."

"ఆ ఫోటోకు గాజు బిగించారు. నా తెరంతా ఆయన పొట్టమీద కనబడుతోంది."

అనఘ తన చున్నీ తీసి ఆయన మీద కప్పింది. అప్పుడు చేచ్చి సంచిలోంచి బరువుల కాగితం తీసింది.

చేచ్చి గడుల్లో అంకెలు కొట్టుకుంటూ పోయింది, ఎడమవైపువి ఒక వరసలో, కుడివైపువి పక్క వరసలో. ఒక్కో మీట వెతికి నొక్కుతుంటే మధ్యాహ్నం కాలువలో పడవలు రెండుసార్లు పోయాయి.

"అయింది మోళే. ఇప్పుడు కూడే మంత్రం చెప్పు."

"మంత్రం వద్దులే. తెర అడుగున, అన్నిటికంటే కింద, సన్నటి పట్టీ ఉంటుంది చూడు. దాన్ని స్టేటస్ బార్ అంటారు."

"గుమ్మానికి గడపలా ఉంది."

"అదే. ఎడమ మూలన ఏముంది?"

"రెడీ అని ఉంది. దేనికి రెడీ?"

"నువ్వేం చెబితే దానికి."

చేచ్చి కాసేపు దానివైపు చూసింది. "మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ నాతో ఆ మాట అనలేదు" అంది.

"కుడి మూలన ఒక గీత, దానిమీద జారే గుబ్బ ఉంటుంది. ప్లస్ వైపు జరుపు."

గుబ్బ జరిగినకొద్దీ అంకెలు ఉబ్బాయి. రేగుపళ్ళంత ఉన్నవి నిమ్మకాయలంత అయ్యాయి. చేచ్చి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడు ఎడమ వరసలో పై అంకె మీద నొక్కి, వేలు వదలకుండా కింది దాకా లాగు. గడులన్నీ రంగు మారతాయి. మారాయా? ఇప్పుడు అడుగు పట్టీలో ఏముందో చూడు. నాకు చెప్పకు."

"చెప్పడానికి ఏముంది? కౌంట్ అని, పక్కన పదమూడు."

"ఇంకా?"

"ఇంకేం లేదు. పదమూడు మంది అని నాకు ముందే తెలుసు. దీనికి కరెంటు ఎందుకు దండగ?"

అనఘ గోడవైపే చూస్తూ ఆలోచించింది. "చేచ్చీ, అంకె పక్కన ఏమైనా రాశావా?"

"కిలో అని రాశాను. అన్నిటికీ."

"కిలోలు తీసెయ్."

"తీసేస్తే అవి కిలోలో కొబ్బరికాయలో ఎలా తెలుస్తుంది?"

"నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. దానికి తెలియొద్దూ?"

"దానికి అక్కర్లేదు చేచ్చీ. అంకె పక్కన మాట పెడితే అది మొత్తాన్నీ మాటే అనుకుంటుంది. మాటలైతే ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టి ఊరుకుంటుంది, కూడదు. ఒట్టి అంకె ఉంటేనే కూడుతుంది."

"నాలాంటిదే. మాటలెక్కువైనవాళ్ళతో నాకూ లెక్క కుదరదు" అని చేచ్చి కిలోలన్నీ ఒక్కొక్కటే తీసేసింది. మళ్ళీ పైనుంచి కిందికి లాగింది.

ఈసారి పట్టీలో మూడు మాటలు లేచాయి. యావరేజ్, కౌంట్, సమ్. అనఘ వాటిని విప్పి చెప్పింది. ఒకటి సగటు, ఒకటి ఎన్ని గడులో, ఒకటి మొత్తం. చేచ్చి ఏమీ అడగకుండా, ఏమీ రాయకుండా, పదమూడు మంది ఆడవాళ్ళ బరువు తెర అంచున వచ్చి నిలబడింది, పిలవగానే గుమ్మంలోకి వచ్చిన పొరుగామెలా. చేచ్చి అది వచ్చిందని అనఘకు చెబుదామని చెయ్యి తీసి ఇంకో చోట నొక్కింది. పట్టీ ఖాళీ.

"ఎటు పోయింది?"

"వదిలేశావుగా. పట్టుకున్నంతసేపే చెబుతుంది. వదిలేస్తే ఏమీ మిగల్చదు."

చేచ్చికి ఆ కంప్యూటర్లో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎక్కడా రాసిపెట్టదు. అడిగినవాళ్ళకే చెబుతుంది, చెప్పి మరిచిపోతుంది. మా పడవ వెనక నీటిలో ఒక గీత పడుతుంది, మేం చూసేలోపే మూసుకుంటుంది, అలాంటిదే అది. "ఈమె కడుపులో మాట దాగుతుంది" అంది చేచ్చి, ఆ పట్టీని మెచ్చుకుంటూ. ఆరోజునుంచి ఆమెకు అది ఆడమనిషే.

కుడి వరస లాగి చూస్తే ఎడమ మొత్తం కంటే బాగా తక్కువ వచ్చింది. కుడివైపు తేలిక. చేచ్చి కాసేపు ఒకరిని అటు, ఒకరిని ఇటు మార్చి, ప్రతిసారీ లాగి చూసుకుంది. రోసమ్మను ఎడమనుంచి కుడికి తెచ్చి, కుడినుంచి సన్నటి సరళను ఎడమకు పంపితే రెండు మొత్తాలూ కవలపిల్లల్లా ఒక్కటయ్యాయి. మర్నాడు రోసమ్మ తన పలక వదిలి ఇటు వచ్చింది. ఎందుకో ఎవరూ అడగలేదు. రోసమ్మ ముఖం చూస్తే అడగాలనిపించలేదు.

పడవ ఎక్కాం. ఈల మోగింది. నాలుగు తెడ్లు పడ్డాయో లేదో పడవ కుడివైపు వాలింది. కొంచెమే, కానీ వాలింది. పడవ అడుగున ఎప్పుడూ కాస్త నీరు చేరి ఉంటుంది. ఆ నీరంతా జరజరా వచ్చి నా కుడి మడమ చుట్టూ ఆగింది, మచ్చికైన పిల్లిలా. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వాలిన పడవ ముక్కు ఒకవైపు లాగుతుంది. చుక్కాని పట్టినామె భుజాలు పోతున్నాయంది.

త్రేసియమ్మ చాలాసేపు పడవ మధ్యలో నిలబడి చూసి, ఒడ్డుకు చేరాక చేచ్చి దగ్గరికి వచ్చింది.

"చేచ్చీ, బరువు రెండువైపులా సమానం. నువ్వే కూడావు."

"నేనే కూడాను."

"మరి వాలేది బరువుకు కాదు. ఎవరో బయటికి వంగుతున్నారు." ఆమె చూపు పక్కకు తిప్పుకుంది. "అలసట వస్తే వంగుతాం. నాకూ వస్తుంది. ఆదివారం చివరి సాధన. అప్పటికీ వాలితే నీ పలక మీద ఆదిరను కూర్చోబెడతాను. నువ్వు ఒడ్డుమీదనుంచి పాట అందుకో. నీ గొంతు అందరికీ వినిపిస్తుంది."

ఆదిర ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కోడలు, పాతికేళ్ళ పిల్ల, ఒక చేత్తో మోటారు బోటును ఒడ్డుకు లాగుతుంది. ఆమె అక్కడే నిలబడి ఉంది, ఎవరిదో చీర తను కట్టుకున్నట్టు తల దించుకుని.

"చేచ్చి వంగదు. నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను" అన్నాను నేను.

"నీ కళ్ళు ఒకటి చెబుతున్నాయి, తెర ఒకటి చెబుతోంది, పడవలో నీరు ఒకటి చెబుతోంది" అంది త్రేసియమ్మ. "ఈ మూడింట్లో నీరు అబద్ధం చెప్పదు."

చేచ్చి తెడ్డు కడిగి, నీడలో ఆరబెట్టి వెళ్ళిపోయింది. ఆమె వంగడం లేదని నాకు తెలుసు. వంగుతున్నానేమో అని ఆమెకు అనుమానం పట్టింది. మనిషికి తన వీపు తనకు కనపడదు కదా. ఆ వారమంతా దారిలో నడుస్తున్నప్పుడు కూడా నిటారుగా నడిచింది, నెత్తిన నీళ్ళకుండ ఉన్నట్టు. ఇంట్లో అద్దం ముందు చీపురు పట్టుకుని తెడ్డు వేసి చూసుకుందని వాళ్ళ కోడలు చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆడవాళ్ళకు పడవ పందెం వచ్చేనాటికే ఆమెకు ముప్పై దాటాయి. చిన్నప్పుడు మగవాళ్ళ పడవలు పోతుంటే ఒడ్డున పరుగెత్తి పరుగెత్తి, వాళ్ళ పాటకు గాలిలో తెడ్డు వేసిన మనిషి. ఒడ్డంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అక్కడ పాట ఉంటుంది, గాలి ఉంటుంది, చేతిలో మాత్రం ఏమీ ఉండదు.

శుక్రవారం సాయంత్రం వాయనశాల వరండాలో అందరం పాలు లేని కట్టన్ టీ తాగుతున్నాం. అనఘ లోపల పుస్తకాలు సర్దుతోంది. రోసమ్మ తన పాత పలక మీద బెంగతో ఉంది.

"ఆ పలక నా ఒంటికి తగ్గట్టు అరిగింది. ఈ కొత్తదాని మీద కూర్చుంటే అత్తారింట్లో కూర్చున్నట్టుంది" అంది.

"పడవే కొత్తది. పలక ఎప్పుడు అరిగింది?" అంది సుభద్ర.

"నేను కూర్చున్నాక అరిగింది. నీకేం, నువ్వు కొంగపిల్లవి. చేచ్చీ, నీ కాటాకు ఏదో జబ్బు చేసింది. మొదటిరోజు ఎక్కినవాళ్ళం అందరం ఏనుగులం. రెండోరోజు ఎక్కినవాళ్ళు అందరూ కొంగలు. ఒక్క రాత్రిలో కాటా మనసు మారిందా?"

అందరం నవ్వాం. చేచ్చి నవ్వబోయి ఆగింది. కప్పు పెదవి దగ్గరే ఉండిపోయింది. నాకు ఆ ఆగడం తెలుసు. నీటిలో చేప కనబడింది.

కప్పు కింద పెట్టి లోపలికి వెళ్ళింది. "మోళే, గోడవైపు తిరుగు" అన్న మాట మాకు వినిపించింది. తర్వాత, "ఇటు గడి ఒకటి, అటు గడి ఒకటి కలిపి పట్టుకోవాలంటే ఎలా? రోసమ్మ ఇప్పుడు ఆ వరసలో లేదు" అనడం వినిపించింది. కంట్రోల్ మీట నొక్కిపెట్టి ఒక్కొక్కటీ తాకమని అనఘ చెప్పింది. అలా తాకినవన్నీ, ఎక్కడున్నా సరే, అడుగు పట్టీ కలిపి లెక్క చెబుతుందంది.

చేచ్చి మొదటిరోజు పొడి బట్టలతో తూగినవాళ్ళందర్నీ తాకింది. ఈసారి సమ్ చూడలేదు. సగటు చూసింది. వదిలేసింది. రెండోరోజు తడిగా తూగినవాళ్ళందర్నీ తాకింది. మళ్ళీ సగటు చూసింది.

రెండు సగటులకూ మధ్య తేడా మూడు. మూడు, ఒక చుక్క, చుక్క తర్వాత లెక్కలోకి రాని ఏదో.

తర్వాత చేచ్చి వరండాలోకి వచ్చి, మా మధ్యలోంచి నడిచి, మూలనున్న కాటా ఎక్కి నిలబడింది. పొడి చీర, పొడి జుట్టు. ముల్లు ఊగి ఆగింది. ఆమె దాన్ని చూసి, దిగి, ఇంకోసారి ఎక్కి చూసింది. అప్పుడు మొదలైంది నవ్వు. ముందు పొట్టలో, తర్వాత భుజాల్లో, చివరికి గొంతులోకి వచ్చింది. గోడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. పిచ్చిపట్టిందా అని త్రేసియమ్మ లేచి నిలబడింది.

"త్రేసియమ్మా, నేను వంగలేదు" అంది చేచ్చి. "తరుగు తీశాను."

ఎవరికీ అర్థం కాలేదు.

"తడిగా వచ్చారు కదా మీరందరూ. కాటా మీద తడి బస్తా ఎక్కినట్టే ఎక్కారు. నా నోరు మూడు తీసేసి చెప్పింది. నాకు తెలియకుండానే చెప్పింది. మనిషి ఒంటి మీద తడి మూడు కిలోలు ఉంటుందా? కుడివైపు ఒక్కొక్కరికీ మూడేసి కిలోలు కోశాను. నాక్కూడా కోసుకున్నాను. తెరమీద కుడి తేలికైంది. అందుకని రోసమ్మను తెచ్చి ఇటు వేశాను. ఇప్పుడు కుడి బరువైంది."

ఆ మాట ఒక్కొక్క ముఖంమీదా వేరువేరుగా పడింది. ఎడమవాళ్ళ పెదవులు నవ్వాపుకోలేక వణకడం మొదలుపెట్టాయి. కుడివాళ్ళం ఒకరినొకరం చూసుకున్నాం. నాకు పట్టని జాకెట్టు గుర్తొచ్చింది.

"అంటే నాది..." అంది సుభద్ర, చేతిలో సగం కొరికిన బజ్జీతో.

"నీది నీకే. మూడు కిలోలు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఒక్క గింజ కూడా నా దగ్గర ఉంచుకోలేదు."

"నాకొద్దు. ఉంచుకో."

"ఎలా ఉంచుకోను? మిల్లువాడినా నేను?"

"పందెం అయ్యేదాకా అయినా ఉంచుకో చేచ్చీ" అంది సుభద్ర, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. బజ్జీవైపు చూసి, ఇంక దాచేదేముందని తక్కిన సగం కూడా తినేసింది. అప్పుడు పగిలింది నవ్వు. వరండా పైకప్పు మీద కూర్చున్న నీటికాకులు లేచిపోయాయి. రోసమ్మ మాత్రం నవ్వలేదు. చేతులు పైకెత్తి, పెళ్ళికూతురిలా నెమ్మదిగా వరండా చుట్టూ తిరిగింది.

"అందరూ చూడండి" అంది. "ఈ ఊళ్ళో నిజమైన బరువు మోసింది నేనొక్కదాన్నే."

త్రేసియమ్మ చేచ్చి దగ్గరికి వచ్చింది. మెడలోని ఈల పట్టుకుని తిప్పింది.

"ఆదివారం నీళ్ళు చెప్పాలి" అంది చివరికి.

"నీళ్ళే చెప్పనీ" అంది చేచ్చి.

చేచ్చి ఆ సాయంత్రమే అనఘను మళ్ళీ గోడవైపు తిప్పి, తడిగా తూగినవాళ్ళ అంకెలకు మూడేసి కలిపింది. రోసమ్మను ఎడమకూ సరళను కుడికీ పంపింది. ఎడమ వరస లాగింది, చూసింది. కుడి వరస లాగింది, చూసింది. వదిలేసింది. పట్టీ ఖాళీ అయింది. ఎడమ మూలన ఒక్క మాట మిగిలింది. ఏ అంకెలు కనపడ్డాయో ఇప్పటికీ మాకు తెలియదు. నాయకురాలికి కూడా తెలియదు. బయటికి వస్తూ ఆమె ఫోటో మీది చున్నీ తీసి అనఘ భుజాన వేసి, "పాపం, పెద్దాయనకు ఊపిరాడలేదు" అంది.

ఆదివారం వాన వెలిసి ఎండ వచ్చింది. కాలువ నీరు ఇత్తడి పళ్ళెంలా ఉంది. ఎవరి పాత పలకమీద వాళ్ళం కూర్చున్నాం. ఒడ్డున ఆదిర నిలబడి ఉంది, చేతిలో తన తెడ్డుతో. రోసమ్మ తన పలకను చేత్తో తట్టి, పుట్టింటికి వచ్చినట్టు సర్దుకుని కూర్చుంది. ఈల మోగింది. చేచ్చి భుజం ఆగింది, కదిలింది. పడవ లేచింది.

నేను ముందుకు చూడలేదు. నా పాదాల మధ్యకు చూశాను. పడవ అడుగున చేరిన నీరు మొదట అటు ఊగింది, ఇటు ఊగింది, తర్వాత పడవ వెన్నెముక వెంబడి సన్నటి వెలుగు పట్టీలా పరుచుకుని అక్కడే నిలిచింది. నా కుడి మడమ పొడిగా ఉంది. ఎడమ మడమా పొడిగా ఉంది. తలెత్తితే త్రేసియమ్మ కూడా అడుగుకే చూస్తోంది. పాట మధ్యలో ఒక చరణం మరిచిపోయింది. చేచ్చి అందుకుని పూర్తిచేసింది, తన పలకమీదనుంచే.

ఒడ్డుకు రాగానే త్రేసియమ్మ ఆదిరను పిలిచింది. "వచ్చే ఏడు నీకు పలక చూస్తాను. ఈ ఏడు ఈమె వెనక నిలబడి ఆ భుజం నేర్చుకో" అంది. ఆదిర ముఖం వికసించింది. ఎవరో ఆమె నెత్తిమీదనుంచి ఒక బరువు దించినట్టే.

పందెం రోజు కాయల్ సరస్సు మీద అన్ని ఊళ్ళ పడవలూ వరసకట్టాయి. ఒడ్డుమీద మనుషులు, కొబ్బరిచెట్ల మీద మనుషులు. మేం రెండో స్థానంలో వచ్చాం, మొదటి పడవ ముక్కు మా ముక్కు కంటే ఒక చేపంత ముందు. ఆ రాత్రి కర్రపెండలం, చేపల పులుసు తింటూ ఎవరూ బరువు గురించి మాట్లాడలేదు. సుభద్ర మూడోసారి వడ్డించుకుంది. నాకు మాత్రం ఆ పందెంలో గుర్తున్నది ముగింపు కాదు, మొదలు. జెండా ఇంకా పైకి లేవలేదు. నీటి మీద ఒక్క ముడత లేదు. పడవ అడుగున ఆ సన్నటి పట్టీ కదలకుండా మెరుస్తోంది. నా ముందు ఆ వీపు, నిటారుగా.

చేచ్చి వెనక్కి తిరగకుండా, తనలో తను అనుకున్నట్టు చిన్నగా అంది.

"రెడీ."

ఆమె భుజం ఒక్క క్షణం ఆగింది.